జైల్లో ఉన్న తమ్ముడికి మానసిక వైద్యం అందుతుందా? మా అన్నయ్య కేసులో మేము చూసింది

మీరు అడిగినవి మూడు విషయాలు. స్కిజోఫ్రీనియా ఉన్న మీ తమ్ముడు మందులు మానేసిన రోజుల్లో పక్కింటాయన తల పగలగొట్టి, ఇప్పుడు కేంద్ర కారాగారంలో రిమాండులో ఉన్నాడు. లోపల వైద్యం చేస్తారా? మతిస్థిమితం లేదని తేలితే కేసు పోతుందా? బెయిలుకు తొందరపడకుండా కొన్నాళ్లు లోపలే ఉంచితే మందులైనా వేళకు పడతాయా?

మా అన్నయ్యదీ ఇదే జబ్బు. మేడమీద అద్దెకున్నవాళ్లు నీళ్ల ట్యాంకులో విషం కలుపుతున్నారని నమ్మి, ఆ ఇంటాయన మీద ఇనుప కడ్డీతో పడ్డాడు. ఆయన ప్రాణం దక్కింది. అన్నయ్య మీద హత్యాయత్నం కేసు పెట్టారు. ఆ తర్వాత జైలు, కోర్టు, ఆస్పత్రి చుట్టూ తిరిగి తెలుసుకున్న మాట చెబుతున్నాను. లోపల వైద్యం ఉంది, కానీ బయటినుంచి ఎవరో ఒకరు అడుగుతూ ఉన్న ఖైదీకే అది సరిగ్గా అందుతుంది.

అందుకని రేపటి పని ఇది. పాత మందుల చీటీలు, ఆస్పత్రి కేస్ షీటు, డిశ్చార్జి కాగితాలు, ఏవి దొరికితే అవి నకళ్లు తీయించండి. వాటిని జతచేసి జైలు సూపరింటెండెంటుకు ఒక అర్జీ, జైలు వైద్యాధికారికి దాని ప్రతి ఇవ్వండి. అందినట్టు సంతకం, ముద్ర తీసుకోకుండా అక్కడినుంచి కదలకండి. జైల్లో అడుగుపెట్టగానే ఆరోగ్య పరీక్ష చేస్తారు, నిజమే. కానీ ఆ పరీక్షలో ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే మీ తమ్ముడు లేవనే చెబుతాడు. తనకు జబ్బు లేదనుకోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. మా అన్నయ్య అలాగే చెప్పాడు, వాళ్లు అలాగే రాసుకున్నారు. తర్వాత రాత్రిళ్లు గోడతో మాట్లాడుతుంటే, హాజరుకు పిలిచినా లేవకపోతే, వార్డర్లు దాన్ని పొగరు కింద లెక్కగట్టారు. మా కాగితాలు వైద్యాధికారి బల్ల మీదికి చేరాకే అన్నయ్యను బ్యారక్ నుంచి జైలు ఆస్పత్రికి మార్చారు.

ములాఖత్‌కు వెళ్లినప్పుడు మాటలకన్నా మనిషిని ఎక్కువగా గమనించండి. ఒకసారి వల అవతల నిలబడ్డ అన్నయ్య చేతులు వణుకుతున్నాయి, మెడ బిగుసుకుపోయింది, నోటి చివర చొంగ కారుతోంది. పిచ్చి ముదిరిందని అమ్మ ఏడ్చింది. అది జబ్బు కాదు. ఈ జబ్బుకు వాడే హాలోపెరిడాల్ సూది వేసి, దాని దుష్ప్రభావాలకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఇవ్వలేదు. ఆ మాత్రను మత్తు కోసం వాడేవాళ్లు ఉంటారు కాబట్టి జైళ్లలో దాన్ని ఇవ్వడానికి వెనకాడతారు. ఎదురుగా నిలబెట్టి మింగిస్తే సరిపోతుందని రాసిచ్చాం, ఒప్పుకున్నారు. మరో సంగతి, లోపల రాత్రి మాత్ర కూడా సాయంత్రం లాకప్‌కు ముందే ఇచ్చేస్తారు. నిద్ర పట్టించే ఒలాంజపిన్ లాంటిది ఆ వేళకు పడితే మనిషి పొద్దు వాలకముందే ఒరిగిపోయి, అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. మీ తమ్ముడు సరిగ్గా తినడం లేదని, రాత్రి నిద్ర లేదని తెలిస్తే ముందు మాత్ర వేళ అడగండి.

బయటి ఆస్పత్రికి తీసుకెళ్లవలసి వస్తే పోలీసు ఎస్కార్టు కావాలి. బందోబస్తు ఉందనో, సిబ్బంది లేరనో ఎస్కార్టు రాదు, వైద్యుడి దగ్గర తీసుకున్న తేదీ దాటిపోతుంది. ఇలా జరిగినప్పుడు జైలువాళ్లతో గొడవపడితే లాభం లేదు. మీ వకీలు చేత కోర్టులోనే మెమో వేయించండి. కోర్టు ఆదేశం ఉంటే ఎస్కార్టు దొరుకుతుంది. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి (ఫోను 15100). కస్టడీలో ఉన్నవారికి, మానసిక రోగులకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. మీ తమ్ముడు రెండు విధాలా అర్హుడు.

ఇందులో దయాధర్మాల ప్రసక్తి లేదు, అర్జీలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ పేరు పెట్టి రాయండి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని, తమ జైల్లో మానసిక రోగులెవరూ లేరని వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ధ్రువీకరించాలని అందులో ఉంది. నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వైద్యులు అక్కడి కేంద్ర కారాగారంలో 5,024 మంది ఖైదీలను పరీక్షించారు. 2011లో వెలువడిన ఆ అధ్యయనంలో, మత్తు వ్యసనాలను లెక్కలోంచి తీసేసినా, 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. ఇంతమంది ఉండగా మీ అర్జీ విడ్డూరమేమీ కాదు, నదురుబెదురు లేకుండా అడగండి.

ఇక కేసు సంగతి. ఇక్కడ రెండు ప్రశ్నలను కలిపేసి అందరూ తికమకపడతారు. దెబ్బ కొట్టిన క్షణంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పని అతనికి తెలుసా అన్నది ఒకటి. దాన్ని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ (పాత ఐపీసీ 84) కింద తీర్పు సమయంలో తేలుస్తారు. నిరూపించవలసిన భారం మన మీదే. జబ్బు ఉందన్న సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, ఘటనకు ముందు వెనకల అతని ప్రవర్తన ఎలా ఉందో చెప్పే సాక్షులు కావాలి. అలా నిర్దోషిగా తేలినా తిన్నగా ఇంటికి పంపరు. సురక్షిత నిర్బంధంలో ఉంచమనో, హామీ తీసుకుని బంధువుకు అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది. ఇప్పుడు, ఈ రోజున, కోర్టులో తన తరఫున వాదన వినిపించుకునే స్థితిలో ఉన్నాడా అన్నది రెండోది. లేడని వైద్యుడు చెబితే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 367, 368 సెక్షన్ల కింద విచారణ ఆగుతుంది. కోలుకుంటే మళ్లీ మొదలవుతుంది. మీకు ముందుగా పనికొచ్చేది ఈ రెండోదే. ఎందుకంటే దాని వెనకే 369 ఉంది. ఆస్పత్రిలో చేర్చి చికిత్స చేయవలసిన అవసరం లేకపోతే, క్రమంగా వైద్యం చేయిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటామని బంధువో స్నేహితుడో హామీ ఇస్తే, నాన్‌బెయిలబుల్ కేసులోనైనా బెయిలు ఇవ్వాలని అది చెబుతోంది.

లోపలే ఉంచితే మేలేమో అన్న ఆలోచన మాకూ వచ్చింది. దాన్ని నేను గట్టిగా కాదంటాను. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుడిని 1951లో పట్టుకుని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో కోలుకున్నాడని వైద్యులు చెప్పినా ఇంటికి పంపక గువాహటి జైలుకు మార్చారు. విచారణే జరగలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కలగజేసుకున్నాక, 2005లో, డెబ్బయ్యేడేళ్ల వయసులో బయటికొచ్చాడు. కొన్నాళ్లే అనుకుని వదిలేస్తే ఫైలు ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ పట్టదు.

అయితే హామీ సంతకం చేసేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మేము బెయిలుకు ముందే ఇల్లు మారాం, ఆ మేడమెట్లు మళ్లీ ఆయన కంట పడకూడదని. రోజూ మాత్రలు మింగించలేమని తెలిసి, నెలకోసారి వేసే సూదికి మార్చమని వైద్యుణ్ణి అడిగాం. విడుదల సాయంత్రం పూట జరగవచ్చు, చేతిలో మందులు పెట్టకుండానే పంపవచ్చు. లోపల డోసు మార్చి ఉంటారు కాబట్టి జైలు ఆస్పత్రి చీటీ నకలు ముందే అడిగి, ఆ మందులు కొని దగ్గర పెట్టుకోండి. మర్నాటికే వైద్యుడి దగ్గర సమయం తీసుకోండి. అర్ధరాత్రి చేయిదాటినట్టనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

దెబ్బతిన్న ఆ పక్కింటాయన గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఆయన వైద్య ఖర్చుల్లో మీరు ఇవ్వగలిగింది ఇవ్వండి, అది మీ వకీలు ద్వారానే, రాతపూర్వకంగా జరగాలి. నేరుగా ఇంటికెళ్లి మాట్లాడితే సాక్షిని లోబరచుకుంటున్నారని బెయిలుకు అడ్డం పడతారు. మేము వకీలు ద్వారా పంపిన డబ్బు మా మేడమీది ఇంటాయన తీసుకోలేదు. బెయిలు వాదన రోజున మాత్రం, వైద్యం చేయిస్తామంటే తనకు అభ్యంతరం లేదని కోర్టులో చెప్పారు.