చిన్న మెషిన్ షాపులో లీన్ పద్ధతిని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్‌లో 15 మందితో నడిచే మెషిన్ షాపు, ఆర్డర్లకు లోటు లేకపోయినా చేతిలో డబ్బు మిగలడం లేదు, లీన్ పద్ధతి, అంటే వృథాను తగ్గిస్తూ పని నడిపే తీరు, ఇంత చిన్న షాపుకు పనికొస్తుందా అని అడిగారు. తప్పకుండా పనికొస్తుంది. గాజువాకలో అలాంటి షాపులోనే సూపర్‌వైజరుగా చాలాకాలం పనిచేశాను.

చాలామంది ఏది ఎక్కడుండాలో చూపే పసుపు గీతలు నేలమీద గీయడంతో మొదలుపెడతారు. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ ర్యాకుల్లో ఏముందో చూడండి. టయోటా కార్ల కంపెనీలో ఇంజనీరు తైచీ ఓనో వృథాను ఏడు రకాలుగా గుర్తించారు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, సరుకును అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, నిల్వలు పేరుకోవడం, మనుషుల అనవసరపు కదలికలు, లోపాలు. వీటన్నిటిలో మొదటిదే చెడ్డది, మిగతావి దాని చాటునే పెరుగుతాయి. విశాఖలో అయితే మరీను. మా షాపులో ఎలాగూ సెట్టింగు (ఆ జాబుకు తగ్గట్టు మిషనును సిద్ధం చేయడం) చేశాం కదా అని 40 ఫ్లాంజులు (పైపులను కలిపే చక్రాల్లాంటి భాగాలు) అడిగితే లేత్ మీద 100 తిప్పేవారు. మిగిలినవాటికి సముద్రపు గాలి తగిలి, నున్నగా తిప్పిన ముఖాల మీద ఒక్క వానాకాలంలోనే తుప్పు లేచేది. మళ్లీ ఎమరీ కాగితంతో రుద్దాలి, నూనె పూయాలి. ఆ శ్రమకు ఏ కస్టమరూ రూపాయి ఇవ్వడు.

అసలు అన్ని ఎందుకు తిప్పుతారు? సెట్టింగు మార్చడానికి ఒక పూట పడుతుంది కాబట్టి. మార్చాల్సింది అక్కడే. 1969లో టయోటాలో 1000 టన్నుల ప్రెస్సుకు డై (రేకును ఆకారంలోకి నొక్కే అచ్చు) మార్చే సమయాన్ని ఇంజనీరు షిగియో షింగో 4 గంటల నుంచి 90 నిమిషాలకు, ఆ తర్వాత 3 నిమిషాలకు తగ్గించారు. మిషను ఆగితే తప్ప కుదరని పనులను, అది నడుస్తుండగానే ముగించగల పనులను ఆయన విడదీశారు.

మేము ఒక లేత్ సెట్టింగును మొదటి నుంచి చివరి దాకా ఫోనులో వీడియో తీసి, ఆ ఆపరేటరుతోనే కూర్చుని చూశాం. మిషను ఆగి ఉంది. ఆయన పానా కోసం పక్క మిషను దగ్గరికి, డ్రాయింగు కోసం ఆఫీసుకు, గేజి కోసం స్టోరుకు తిరుగుతున్నాడు. జాబును బిగించే చక్ దగ్గర గడిపింది కొద్దిసేపే. తర్వాతి జాబుకు కావలసినవన్నీ ముందే ట్రాలీలో సర్దే పని హెల్పరుకు అప్పగించాం. పూట పట్టేది గంటలోపు అయిపోయింది.

వీడియో ఎందుకు తీస్తున్నారో పనివాళ్లకు ముందే చెప్పండి. సమయం ఆదా అయిందని ఒక్కరిని తీసేసినా, ఇక ఎవరూ నోరు విప్పరు.

ఖర్చు భయం వద్దు. కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ 2023 మార్చిలో కొత్త రూపంలో తెచ్చిన లీన్ పథకంలో సలహాదారుల ఫీజులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. సలహాదారు వచ్చేలోగా మీ దగ్గర అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగే మిషను వీడియో సిద్ధంగా ఉంచుకోండి.