నేను వదిలేసిన గడి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

స్త్రీలకు హెచ్ఐవీ సోకే ముప్పుకూ, వారి జన్యువుల్లోని తేడాలకూ గల సంబంధంపై పరిశోధన చేయడానికి నైరోబీ వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. పని ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. ల్యాబు సంగతులు అక్కడివాళ్లు నాకన్నా బాగా నేర్పుతారు కనుక, నమూనా ల్యాబుకు చేరకముందే చెడిపోయే సంగతుల గురించే ఎక్కువగా రాస్తాను.

నైరోబీకి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. పుమ్వానీ ప్రాంతంలోని సెక్స్ వర్కర్లతో 1985లో మొదలైన అధ్యయనంలో, వైరస్‌కు పదేపదే ఎదురవుతున్నా ఏళ్ల తరబడి అది సోకని కొందరు స్త్రీలను కెనడా వైద్యుడు ఫ్రాంక్ ప్లమ్మర్, ఆయన కెన్యా సహచరులు గుర్తించారు. వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ద్వారాన్ని తయారుచేసే సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్ఏ అక్షరాలు లోపించిన ప్రతిని తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పొందినవారికి హెచ్ఐవీ దాదాపుగా సోకదని 1996లో తేలింది గాని, ఆ మార్పు ప్రధానంగా ఐరోపా సంతతివారిది. ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ చాలా అరుదు. కనుక పుమ్వానీ స్త్రీల విషయంలో కారణాన్ని, పరాయివాటిని గుర్తుపట్టడంలో రోగనిరోధక వ్యవస్థకు తోడ్పడే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల రకాల్లోనూ, ఆ వ్యవస్థ స్పందనను నియంత్రించే ఐఆర్‌ఎఫ్1 వంటి జన్యువుల్లోనూ వెతకవలసి వచ్చింది. ఉద్రేకించిన సీడీ4 కణాల్లోనే (ఇవి రోగనిరోధక వ్యవస్థను నడిపే తెల్ల రక్తకణాలు) వైరస్ బాగా పెరుగుతుంది కాబట్టి, రోగనిరోధక వ్యవస్థ అతిగా ఉద్రేకించకుండా నిమ్మళంగా ఉండడమే ఆ స్త్రీలకు రక్షణ అయి ఉండవచ్చునన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఆ ఆలోచనే.

ఇక నా తప్పు చెబుతాను. పాతికేళ్ల కిందట కోస్తా జిల్లాల్లో, భర్తకు హెచ్ఐవీ ఉన్నా తమకు సోకని భార్యల రక్తనమూనాలు సేకరించి, వారందరినీ ‘నిరోధకత గలవారు’ అని ఒకే వర్గంగా రాసుకున్నాను. నా ప్రశ్నావళిలో వయసు, చదువు, పెళ్లయి ఎన్నేళ్లు అనే గడులు ఉన్నాయి. తొమ్మిదేళ్ల కాపురమంటే తొమ్మిదేళ్లూ వైరస్‌కు ఎదురైనట్టే లెక్కగట్టాను. రెండో విడత నమూనా కోసం వెళ్లినప్పుడు ఒకామె, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, ‘ఆయన లారీ మీద పోతే సంక్రాంతికే రావడమండీ, వచ్చినా జ్వరంతో మంచం దిగడు’ అంది. దంపతులు కలిసి ఉన్న రోజులు ఎన్నో రాసుకునే గడి నా కాగితంలో లేదు. ఆమెను కాపాడింది జన్యువో, లారీయో తేల్చే దారి కూడా లేకపోయింది. రెండేళ్ల పనిని అలాగే కట్టగట్టి అటక మీద పెట్టాను.

అందుచేత ఆ గడి నువ్వు ముందు గీయి. ఒక్క కలయికలో వైరస్ సోకే అవకాశం సగటున చిన్నదే కాబట్టి, ఏ జన్యు రక్షణా లేకుండానే చాలాకాలం తప్పించుకునేవారు ఉంటారు. ఎంతమంది భాగస్వాములు, నిరోధ్ ఎంత తరచుగా వాడారు, భాగస్వామి మందులు వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ పరిమాణం) పరీక్షలో కనిపించని స్థాయిలో ఉన్నాడా, మధ్యలో ఎన్ని నెలలు పని మానేశారు అన్నవి ప్రతిసారీ అడుగు. హెర్పిస్ ఉందేమో, యోనిలో మేలుచేసే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా తగ్గిందేమో పరీక్షించు. వీటివల్ల వాపు వచ్చి, వైరస్‌కు కావలసిన కణాలే ఆ పొరల దగ్గరికి చేరతాయి. అలా పెరిగిన ముప్పు, లెక్కలోకి రాకపోతే, జన్యువు ఖాతాలో పడుతుంది.

వేర్వేరు తెగల స్త్రీలలో హెచ్‌ఎల్‌ఏ రకాలు వేర్వేరు నిష్పత్తుల్లో ఉంటాయి. సోకినవారు ఒక తెగ నుంచీ, సోకనివారు ఇంకో తెగ నుంచీ ఎక్కువగా వస్తే నీకు కనబడేది తెగల మధ్య తేడాయే.

ఫలితం కనబడగానే సంబరపడకు. సీసీఆర్5 ద్వారానికి అడ్డుపడే ప్రోటీన్‌ను తయారుచేసే సీసీఎల్3ఎల్1 జన్యువు ప్రతులు ఎక్కువ ఉన్నవారికి ముప్పు తక్కువని 2005లో వచ్చిన వార్తకు మేమంతా పొంగిపోయాం, 2009లో ఇతర బృందాలకు అది నిలబడలేదు. జన్యువులన్నిటినీ గాలించే అధ్యయనాల్లో, సంబంధమే లేకపోయినా అంత తేడా కాకతాళీయంగా కనబడే అవకాశం 2 కోట్లలో ఒకటికి మించకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు. ఐరోపా సంతతికి చెందిన వేలమందిని పోల్చి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పరీక్షకు నిలిచింది పాత సీసీఆర్5 మార్పు ఒక్కటే. కొత్తగా సోకేవారిలో స్త్రీలే ఎక్కువగా ఉన్న ఆఫ్రికాలో ఇంత పెద్ద గాలింపులు తక్కువగా జరగడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

నువ్వు కలిసే స్త్రీలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మా ఊళ్లో ఒకామె నన్ను, ‘నా రక్తంలో ఏదో బలం ఉందట కదమ్మా, ఇక నిరోధ్ అక్కర్లేదా?’ అని అడిగింది. పుమ్వానీలో ఏళ్లపాటు సోకకుండా ఉన్నవారిలోనూ కొందరికి ఆ తర్వాత వైరస్ సోకిందని, వారిలో చాలామంది కొంతకాలం వృత్తికి దూరంగా ఉన్నవారేనని 2001లోనే ప్రచురించారు. అందువల్ల ఏ స్త్రీకీ ఆమె జన్యు ఫలితాన్ని ‘రక్షణ’ అన్న మాటతో చెప్పవద్దు. ఆమెకు నిజంగా అండగా ఉండగలవాటి గురించి అదే సిట్టింగులో చెప్పు: నిరోధ్, హెచ్ఐవీ సోకకుండా ముందే వేసుకునే నివారణ మాత్రలు, ఇప్పుడైతే ఆరు నెలలకొకసారి ఇచ్చే లెనకపవిర్ సూది కూడా. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదు.

సమ్మతి పత్రాన్ని స్వాహిలీలో ఒక సెక్స్ వర్కర్ చేతనే చదివించి, ఏ వాక్యం దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుని దాన్ని తిరగరాయి. ప్రశ్నావళి ముసాయిదా నాకు పంపు. కలిసి ఉన్న రోజుల గడి ఎక్కడ పెట్టావో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ