చిన్నప్పుడే జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయిపోయింది కదా, మళ్ళీ కన్ఫర్మేషన్ ఎందుకు?

జ్ఞానస్నానంలో ఏదో లోటు మిగిలిందని కాదు. కతోలిక సభలో భద్రమైన అభ్యంగనం అని పిలిచే ఈ సంస్కారం, అప్పుడు మొదలైనదాన్ని పవిత్రాత్మ వరంతో బలపరుస్తుంది. దీనికి మూలం బైబిల్లో అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది: సమరియ వాళ్ళు అప్పటికే బాప్తిస్మం తీసుకున్నారు, అయినా యేసు శిష్యులైన పేతురు, యోహాను వెళ్ళి ప్రార్థించి చేతులుంచాకే వాళ్ళు ఆత్మను పొందారు.

ఇప్పుడు మామూలుగా బిషప్ గారే వచ్చి, చేతులు చాపి ప్రార్థించి, నుదుటి మీద పరిమళ తైలంతో సిలువ గుర్తు వేస్తారు. ఆ తైలం ఊరికే వచ్చేది కాదు, ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో బిషప్ గారు ప్రత్యేక పూజలో అభిషేకించినది. జ్ఞానస్నానం లాగే ఇదీ జీవితంలో ఒక్కసారే.

చాలామంది దీన్ని ‘నా విశ్వాసాన్ని నేనే ఖాయం చేసుకునే రోజు’ అనుకుంటారు. అది సగమే నిజం, ఎందుకంటే ఇక్కడ ముందు పని చేసేది దేవుడు, మన ఒప్పుకోలు దానికి జవాబు మాత్రమే. ఆర్థడాక్స్ లాంటి తూర్పు సంఘాల్లో పసిబిడ్డకి జ్ఞానస్నానంతో పాటే ఇదీ ఇచ్చేస్తారు మరి, ఆ బిడ్డ ఏం ఒప్పుకుంటుంది? సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి ప్రొటెస్టెంట్ సంఘాల్లో మాత్రం పెద్దయ్యాక సంఘం ముందు స్వయంగా ఒప్పుకోవడానికే ఎక్కువ బరువు.

ఫలితం రోజువారీ బతుకులో కనపడాలి: విశ్వాసాన్ని దాచుకోకుండా చెప్పగలగడం, సంఘం పనుల్లో బాధ్యత తీసుకోవడం. మరీ టెన్షన్ పడి ప్రశ్నోత్తరాలు బట్టీ పట్టక్కర్లేదు కానీ తయారీ క్లాసులు మానొద్దు. తోడుగా నిలబడే జ్ఞాన తల్లి లేదా తండ్రిని మాత్రం ముందే చూసుకోండి, కన్న తల్లిదండ్రులు ఆ స్థానంలో ఉండకూడదు.