GTA వైస్ సిటీ గేమ్‌లో బొమ్మ హెలికాప్టర్ మిషన్: టైమ్ చాలట్లేదా?

ఇది తన ఆల్‌టైమ్ ఫేవరెట్ గేమే కానీ, బొమ్మ హెలికాప్టర్‌తో బిల్డింగ్‌లో బాంబులు పెట్టే 'డెమోలిషన్ మ్యాన్' మిషన్ ఎప్పుడూ దాటలేదని ఒకరు రాశారు. మీరు మొదటి బాంబును రాగానే ఎత్తేస్తున్నట్టున్నారు. చిక్కంతా అక్కడే. టైమర్ మిషన్‌తో పాటు మొదలవదు. మొదటి బాంబు తీసుకున్నాకే మొదలవుతుంది. నేనూ ఇది తెలియక నెట్ సెంటర్‌లో బోలెడు గంటలు తగలేశాను.

1. బాంబు ముట్టుకోకుండా బిల్డింగ్‌లోకి ఎగరండి.
2. గార్డులను, పనివాళ్లను ఫ్యాన్ రెక్కలతోనే పడగొట్టండి. తొందరేం లేదు.
3. ఏ అంతస్తుకు మెట్లు ఎటున్నాయో చూసుకోండి.
4. ఇక బాంబులు. మొత్తం నాలుగు, ఒక్కోసారి ఒక్కటే మోసుకెళ్లగలరు.

ల్యాప్‌టాప్‌లో హెలికాప్టర్ ముందుకు కదలకపోతే, ఆ కీ నంప్యాడ్ (కీబోర్డ్ కుడివైపు ఉండే అంకెల కీల గుంపు) 8 మీద ఉంటుంది. నంప్యాడ్ లేకపోతే కంట్రోల్స్‌లో వేరే కీకి మార్చుకోండి.