బరువు సంగతి తర్వాత, ముందు ఎత్తు కొలిపించండి

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బరువు 18 కిలోలే. క్లాసులో అందరికంటే పొట్టి. పోయినేడాది కుట్టించిన యూనిఫామే ఇప్పటికీ సరిపోతోంది. అన్నం కెలికి వదిలేస్తాడు, పాలు మాత్రం మూడు గ్లాసులు తాగుతాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బలం మాత్రలు రెండు నెలలుగా వేస్తున్నాం, కాస్త బుగ్గలు వచ్చాయి. పాలల్లో ఏ పౌడరు కలిపితే లావవుతాడు?
- ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అమ్మా, మీరు పౌడరు గురించి అడిగారు గానీ, నన్ను ఆలోచింపజేసినవి ఆ యూనిఫామూ, ఆ బుగ్గలూ. ఈ వయసు పిల్లలు సాధారణంగా ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు కనుక, ఏడాది తిరిగేసరికి నిక్కరు పొట్టి కావాలి. ఏడాదిలో 4 సెంటీమీటర్లు కూడా పెరగని పిల్లవాడికి తిండి చాలడం లేదని ఇంట్లోనే తేల్చేసుకోకూడదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, పేగులు లేదా మూత్రపిండాల జబ్బు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే అదీ చూడాలి. మీ దంపతుల ఎత్తు రాయలేదు. తల్లిదండ్రులు పొట్టివారైతే లెక్క కొంత మారుతుంది. బాబును చూడకుండా ఫలానా జబ్బని నేను చెప్పలేను.

ఇక ఆ బలం మాత్రలు. అవి ఏమిటో నాకు తెలియదు గానీ, లావు చేస్తాయని చీటీ లేకుండా ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్లు ఉండటం మేము తరచూ చూస్తుంటాం. అవి ఆకలి పెంచి, ముఖం గుండ్రంగా ఉబ్బేలా చేస్తాయి. ఇంట్లోవాళ్లు ఒళ్లు చేశాడని సంతోషిస్తుంటే, లోపల ఎముక ఎదుగుదల మందగిస్తుంది. రెండు నెలలు ఎందుకు వేశారని అడగాలని ఉంది, కానీ ఇప్పుడు అంతకంటే ముఖ్యమైన మాట ఉంది: భయపడి వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. అవి స్టెరాయిడ్లే అయితే, ఒంట్లో సహజంగా ఊరవలసిన హార్మోను అందక, జ్వరమో వాంతులో వచ్చిన రోజున బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. వాంతులతో మగతగా పడి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. బాగానే ఉన్నా రేపో ఎల్లుండో పిల్లల డాక్టరుకు చూపించండి, వచ్చే సెలవుల దాకా ఆగవద్దు.

పౌడరు అవసరం లేదు. మూడు గ్లాసుల పాలతో కడుపు నిండినవాడు అన్నం కెలకక ఏం చేస్తాడు? ఒకటిన్నర గ్లాసుకు తగ్గించి, పప్పు, గుడ్డు, వేరుశనగ పెట్టండి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు టీకాల కార్డుతో పాటు ఆ మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి. పేరు లేకుండా కాగితం పొట్లంలో ఇచ్చి ఉంటే, ఆ పొట్లాన్నే పారేయకుండా చూపించండి.