కొత్తగా దుకాణం తెరుస్తున్న మా అమ్మాయికి, బోర్డుల గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు సొంతంగా దుకాణం తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కలిగిన సంతోషం, గర్వం ఇంతా అంతా కాదు. ఆ వెంటనే, బోర్డుల పని మొత్తం డిజైనరుకు అప్పగించి నువ్వు రంగులు మాత్రం చూసి సరేనన్నావని కూడా చెప్పింది. అప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఉద్యోగ జీవితమంతా పెద్ద దుకాణాల నిర్వహణలోనే గడిపినదాన్ని కనుక, నా మాట కాస్త కటువుగా ఉన్నా ఓపికగా చదువు.

పేరు బోర్డు గురించి ఎక్కువ చెప్పను. దాన్ని ఎంత దూరం నుంచి చదవాలో కొలిచి, ప్రతి పది అడుగులకూ అక్షరం కనీసం ఒక అంగుళం ఎత్తు ఉండేలా చూసుకో. తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక ఇంకొంచెం ఎక్కువే పెట్టించు, లేకపోతే దూరానికి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గోడకు ఆనించి బిగించిన బోర్డు ఎదురుగా వచ్చేవారికే కనిపిస్తుంది. గోడ వెంట నడిచి వచ్చేవారి కోసం అడ్డంగా బయటికి వచ్చే చిన్న బోర్డు ఒకటి కావాలి. అనుమతి చేతికి వచ్చాకే బిగించు. గాలివానకు ఊడి ఎవరి మీదా పడకుండా ఆధారాలు గట్టిగా ఉన్నాయో లేదో నువ్వే దగ్గరుండి చూడు.

నమూనాను కంప్యూటరు తెర మీద చూసి మాత్రం ఒప్పుకోవద్దు. తెర మీద ప్రతి బోర్డూ బాగానే ఉంటుంది. అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయించి, గోడకు అతికించి, పగలు ఒకసారి, సాయంత్రం దీపాలు వెలిగాక ఒకసారి, కొత్తవాళ్లు నిలబడే చోటనే నిలబడి చదివి చూడు. నున్నగా మెరిసే పలక మీద దీపం పడితే సగం అక్షరాలు కనిపించవని నీకు అప్పుడు తెలుస్తుంది.

లోపలి బోర్డుల్లో ముందుగా రాయవలసినవి ఏవో తెలియాలంటే, దుకాణం ఎరగని మనిషిని ఒకరిని లోపలికి పంపి వెనకే నడువు. ఆ మనిషి ఎక్కడ ఆగి అటూ ఇటూ చూస్తే అక్కడే బోర్డు కావాలి, దారి చీలని చోట అక్కర్లేదు. అడుగడుగునా హెచ్చరికలు అతికిస్తే జనం అసలు హెచ్చరికను కూడా చదవడం మానేస్తారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. అత్యవసర ద్వారం గుర్తు గోడ రంగులో కలిసేలా బూడిద రంగులో వేయిస్తున్నారట! అందం కోసం ఆ రంగు మార్చే హక్కు ఏ డిజైనరుకూ లేదు, నీకు అంతకన్నా లేదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో జరిగినది నీకెప్పుడూ చెప్పలేదు. అప్పుడు పనిచేసిన దుకాణంలో పై అంతస్తు వెనక వైపు మెట్ల తలుపు మీద పచ్చని గుర్తు సక్రమంగానే ఉండేది. తగ్గింపు ధరల రోజులు రాగానే యజమాని పైకప్పు నుంచి పెద్ద పెద్ద బ్యానర్లు వేలాడదీయించాడు. వాటిలో ఒకటి సరిగ్గా ఆ గుర్తుకు అడ్డం పడింది. తలుపు ఎక్కడుందో పనివాళ్లందరికీ తెలుసు కనుక అది లోపమని ఎవరికీ తోచలేదు. ఒక సాయంత్రం తీగలు కాలి పొగ కమ్ముకుంది, దీపాలు ఆరిపోయాయి. ఆపదలో మనిషి తాను వచ్చిన దారికే పరుగెత్తుతాడు, అందుకే జనమంతా ముందు మెట్ల మీదికే తోసుకున్నారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ ఆ తోపులాటకు భయపడి వెనక్కి వచ్చి, మెట్ల తలుపు అనుకుని దాని పక్కనున్న గోదాము తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. రెండు తలుపులకూ ఒకే రంగు, గోదాము తలుపు మీద పేరు లేదు. బిడ్డ ఏడుపు విని కాపలాదారు వెళ్లి ఇద్దరినీ బయటికి తెచ్చాడు కనుక బతికారు. ఆ ఏడుపు వినబడకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ఏ భవనంలో అడుగుపెట్టినా నా కళ్లు ముందుగా వెతికేది పచ్చని గుర్తునే.

ఆ పచ్చని గుర్తులో ఉండే పరుగెత్తే మనిషి బొమ్మను రూపొందించినది జపాన్‌కు చెందిన యుకియో ఓటా. ఇప్పుడది ఐఎస్‌ఓ 7010 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. పచ్చ రంగు సురక్షితమైన దారికి, ఎరుపు నిషేధానికీ మంటలార్పే సామగ్రికీ, పసుపు ప్రమాద హెచ్చరికకు, నీలం తప్పనిసరిగా చేయవలసిన పనికి. భాష రానివారు కూడా అర్థం చేసుకోవాలనే ఈ ఏర్పాటు. కొందరికి ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియదు కనుక రంగుతో పాటు ఆకారాల్లోనూ బొమ్మల్లోనూ కూడా తేడా పెట్టారు. పొగ పైకి లేచి ముందుగా పై గుర్తులనే కప్పేస్తుంది, అందుకని నేలకు దగ్గరగా కూడా దారి గుర్తులు పెట్టించు. వెలుతురును పీల్చుకుని చీకట్లో మెరిసే పలకలు మంచివే. కానీ రోజంతా చీకటిగా ఉండే మూలలో పెడితే అవి వెలగవు, అక్కడ బ్యాటరీతో వెలిగే గుర్తే కావాలి. గోదాము తలుపు మీద పేరు రాయించడం మరిచిపోకు, తల్లీ. అద్దపు తలుపు మీద పెద్దల కంటికీ పిల్లల కంటికీ అందేలా రెండు ఎత్తుల్లో పట్టీలు వేయించు.

ఇంత కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. ఇంత పని తలకెత్తుకున్న ధైర్యం మా తరంలో నాకు లేకపోయింది, నీకుంది. తలుపులు ఎటు తెరుచుకుంటాయో గుర్తు పెట్టిన భవనం నక్షా, బోర్డుల నమూనాలూ ఈ వారంలోనే నాకు పంపించు. బోర్డులు బిగించడం పూర్తయ్యాక నేనే వస్తాను. దీపాలన్నీ ఆర్పించి నన్ను పై అంతస్తులో వదిలెయ్యి, వెనక మెట్లు ఎక్కడున్నాయో ముందుగా చెప్పకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ