పిన్‌కోడు విప్పి చూద్దాం, బిడ్డా

వరంగల్

చి. మనుమరాలికి తాత ఆశీస్సులు.

పెద్ద సంఖ్య ఇచ్చి కారణాంకాలు రాయమంటే కాళ్లుచేతులు ఆడడం లేదని మొన్న ఫోన్‌లో అన్నావు. కరీంనగర్ నుంచి నువ్వు పంపిన కవరు నా ముందే ఉంది. దాని మీద నీ చేత్తో రాసిన 506002నే పట్టుకుందాం.

చివర 2 ఉంది, కాబట్టి సరి సంఖ్య. అంకెలు కలిపితే 13, అంటే 3తో పోదు. 5 ఊసే లేదు. ఇక్కడిదాకా నీకూ వచ్చు. మూడేసి అంకెలుగా విడగొట్టు: 506, 002. తీసివేస్తే 504. ఇప్పుడు 7, 11, 13 మూడింటినీ గుణించి చూడు, 1001 వస్తుంది. 506ను 1001తో గుణిస్తే 506506. అందులోంచి 504 తీస్తే మన పిన్‌కోడే! అందుకే 504ను ఏది భాగిస్తుందో చూస్తే చాలు. 7 భాగిస్తుంది, 11, 13 భాగించవు. ఒక్క తీసివేతతో మూడు పరీక్షలు తేలిపోయాయి. ఈ 1001 సంగతి నీకు వంటబడితే నాకు అంతకన్నా సంతోషం లేదు.

2, 7 తీసేస్తే 36143 మిగులుతుంది. ఇక్కడ జర ఓపిక పట్టాలి. మొదటిసారి చేసినప్పుడు నేను 43 దాకా భాగించి, ఇక ఇది ప్రధాన సంఖ్యేనని రాసేశాను. తర్వాతిది 47. దాన్ని 769తో గుణిస్తే సరిగ్గా 36143. ఒక్క అడుగు ముందు ఆగిపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఎక్కడ ఆగాలో ఊహతో తేల్చకు. 190 వర్గం 36100, 191 వర్గం 36481. రెండు కారణాంకాలూ 190 దాటితే లబ్ధం 36143ను మించిపోతుంది, కాబట్టి 190 దాకా వెతికితే చాలు. మొదట్లో ఆ హద్దు 711. దొరికిన కారణాంకాన్ని వెంటనే తీసేస్తూ పోతే హద్దు దగ్గరికి జరుగుతుంది. 769కైతే 27 చాలు, 23 దాకా ఏదీ పోదు, అది ప్రధాన సంఖ్యే.

506002 = 2 × 7 × 47 × 769.

ఈ నాలుగింటిలో ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. అందుకే మొత్తం కారణాంకాలు 16. వాటి మొత్తం కావాలంటే ఈ నాలుగింటికీ ఒక్కొక్కటి కలిపి గుణించు: 3 × 8 × 48 × 770, అంటే 887040. పదహారూ విడివిడిగా రాసి కూడాల్సిన పని లేదు. అందులోంచి సంఖ్యనే తీసేస్తే 381038, సంఖ్య కంటే తక్కువ. 6, 28 లాగా తనను వదిలేసి మిగతా కారణాంకాల మొత్తానికి సమానమయ్యే పరిపూర్ణ సంఖ్య కాదన్నమాట.

మీ మేనత్త వాళ్ల హనుమకొండది 506001. 3తో మొదలుపెట్టు. 7, 11, 13 సంగతి 505తో తేల్చుకో. ఆ తర్వాత చాలా దూరం నడిపిస్తుంది, 150 దాటేదాకా ఆపకు. భాగహారాలన్నీ చూపిస్తూ చేసి పంపు.

ఇట్లు,
తాత